తమ్ముడికిచ్చిన నాలుగు సీసాలు

గల్ఫుకొచ్చి జాబ్రియాలో నేను పనిచేసే అరబ్బుల ఇంట్లో చెత్తబుట్టకు పోవలసినవి సగం నా మంచం కిందికి చేరతాయి. మామా, అంటే మా యజమానురాలు, సగం వాడి వదిలేసిన సెంట్లు, పిల్లలు వద్దన్న బూట్లు, మూత తీయని షాంపూలు అన్నీ ఒక అట్టపెట్టెలో సర్దుతాను. నిండగానే కార్గోలో మా ఊరు రాయచోటికి పోతుంది. ఇళ్లలో పనిచేసే మా ఆడవాళ్లందరికీ ఉన్న అలవాటే ఇది. పారేయడానికి చెయ్యి రాదు మాకు.

మామా పెద్ద కొడుకు వేప్ తాగేవాడు, అదే, కరెంటుతో ఆవిరి వచ్చే సిగరెట్టు మిషను. నేను కేకు కలుపుతుంటే వంటింటి గట్టు మీద కూర్చుని ఆవిరి వదిలేవాడు. గదంతా మామిడిపండు వాసన. ఊపిరికి మంచిది కాదేమో నాయనా అని నాకొచ్చిన అరబీలో ఒకసారి అన్నాను. అతను నవ్వి, నా చేతిలోని వెనిల్లా ఎసెన్సు సీసా లాక్కుని చిన్న అక్షరాలు చదివాడు. ప్రొపిలీన్ గ్లైకాల్. తర్వాత తన వేప్ సీసా చదివాడు. అందులోనూ అదే పేరు. రంగు లేని నీళ్లలాంటిదట, వాసనను తనలో కలుపుకుంటుందట, వేడి తగిలితే పొగలా లేస్తుందట. కేకులో తింటున్నాం, మందుల్లో తాగుతున్నాం, ఇంక భయమెందుకు అన్నాడు. నాకు చదువు లేదు గానీ విన్నమాట పోదు. ఆ పేరు అట్లాగే నాలో ఉండిపోయింది.

కొన్నాళ్లకు మామా గట్టిగా కేకలేస్తే అతను మానేశాడు. ఆ వేప్ మిషను, దాంట్లో పోసే నాలుగు నిండు సీసాలు సంచిలో వేసి నా చేతికిచ్చి, ఖలాస్, పడేయ్ అన్నాడు. నేను పడేయలేదు.

నా తమ్ముడు కూడా ఇక్కడే, అల్ రాయ్‌లో కార్లకు రంగు కొట్టే గ్యారేజీలో ఉండేవాడు. రోజుకొక సిగరెట్టు పెట్టె కాల్చేవాడు. చిన్నప్పుడు వాడికి ఉబ్బసం. మబ్బు పట్టిందంటే ఛాతీలో ఈల మొదలయ్యేది. మా అమ్మ వాడిని దుప్పటిలో కూర్చోబెట్టి పసుపు వేసిన వేణ్నీళ్ల ఆవిరి పట్టించేది. గిన్నె పట్టుకునేది నేనే. కాసేపటికి ఈల తగ్గి, నా ఒళ్లోనే నిద్రపోయేవాడు. ఆ సంచి చేతికి రాగానే నాకు గుర్తొచ్చింది ఆ గిన్నే. పొగ మాని ఆవిరి పీలిస్తే వాడికి మేలే కదా అనుకున్నాను.

శుక్రవారం సెలవుకు పోయి ఇచ్చాను. వాడు మిషను తిప్పి తిప్పి చూశాడు.

"మామా కొడుకు ఎంగిలి నాకు తెచ్చినావా క్కా?"

"వేణ్నీళ్లతో కడిగినాలే. కేకులో పోసేదేనంట. ఇంగ సిగరెట్టు ముట్టద్దు."

వాడు ముట్టలేదు. నా మాట మీద అంత గురి వాడికి. వాడి రూములో ఉండే కోనసీమ ఆయన నన్ను చూసినప్పుడల్లా నవ్వేవాడు. "మీ తమ్ముడు పొద్దస్తమానం సాంబ్రాణి వేసేత్తన్నాడండి. ఇంక దేవుడి పటం ఒక్కటే తక్కువ," అనేవాడు. నేను తోటివాళ్లందరికీ గొప్పగా చెప్పుకున్నాను, నా తమ్ముడి చేత సిగరెట్లు మాన్పించానని.

మొదట గొంతు ఎండుతోందన్నాడు. ఎన్ని నీళ్లు తాగినా అంతే అన్నాడు. తర్వాత దగ్గు పట్టుకుంది. ఒకరోజు ఫోనులో మాటకూ మాటకూ మధ్య ఆ ఈల వినిపించింది. ఎన్నేళ్లయినా దాన్ని గుర్తుపట్టనా నేను. రంగు కొట్టే గదిలో మాస్కు పెట్టుకుంటే ఊపిరాడడం లేదని వాడు బయటికి వచ్చేస్తుంటే, టీబీ ఏమోనని ఫోర్‌మన్ భయపడ్డాడు. డాక్టరు కాగితం తెస్తేనే పని, లేదంటే ఊరికి పంపిస్తానన్నాడు.

మామాను సెలవుకు బతిమాలి, వాడి వెంట క్లినిక్కుకు పోయాను. మలయాళీ డాక్టరు హిందీలో మాట్లాడాడు. ప్రొపిలీన్ గ్లైకాల్ అని నేను పేరు చెప్పేసరికి నా ముఖం వంక చూశాడు. కడుపులోకి కొంచెం పోతే ఒళ్లు అరిగించుకుంటుందట, అందుకే తిండిలో వాడనిస్తారట. వేడి చేసి రోజంతా ఊపిరితిత్తుల్లోకి పీలిస్తే ఏళ్ల మీద ఏమవుతుందో ఇంకా ఎవరికీ పూర్తిగా తెలియదట. గొంతు ఎండుతుందట, ఉబ్బసం ఉన్నవాళ్లకు లోపల రేగవచ్చట. నీళ్ల ఆవిరి వేరు, ఇది వేరు అన్నాడు. సీసాలో అదొక్కటే కాదు, నికోటిన్, వాసనలు కూడా ఉంటాయన్నాడు. పైగా రంగుల ఘాటు, ఇన్నేళ్ల సిగరెట్లు.

దేనివల్ల వచ్చింది సార్ అని అడిగాను. చెప్పలేనన్నాడు. మళ్లీ అడిగాను. అదే మాట. నా సీసాల వల్ల కాదని అంటాడేమోనని చూశాను. అనలేదు.

టీబీ కాదని కాగితం ఇచ్చాడు. రంగుల దగ్గర పని చేయకూడదని కూడా దాంట్లోనే రాశాడు. గ్యారేజీలో వేరే పని లేదన్నారు. ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా కాగితం రద్దయింది.

ఎయిర్‌పోర్టులో వాడు ట్రాలీ మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు. నేను అడగకుండానే చెప్పాడు.

"ఆ మిషను ఎవరిచ్చినారని అందరూ అడిగినారు క్కా. అంగట్లో కొన్న్యానని చెప్పినాలే."

నేను సంచి సర్దుతున్నట్టు వంగాను.

ఇప్పటికీ కేకు చేస్తాను. ఆ ఎసెన్సు ఒక మూతెడు పోస్తాను, అందరూ తింటారు, ఎవరికీ ఏమీ కాదు. మంచం కింద అట్టపెట్టె మళ్లీ నిండింది. ఈసారి నీకేం పంపమంటావని తమ్ముడిని అడిగితే, ఏమీ వద్దులే క్కా అంటాడు. ఆ మూడు మాటలు అనేలోపల రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంటాడు.