బావ దీపం, నా ఎర్ర వైరు

మా బావ ఉన్నట్టుండి మంచివాడైపోయాడు. నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

పందొమ్మిదేళ్లుగా ఇద్దరం కలిసి లిఫ్టులు బాగుచేస్తున్నాం. ఆయన మా అక్క మొగుడు. నన్ను ఈ పనిలో పెట్టించిందీ ఆయనే. ఒకే వ్యాను, ఒకే భోజనాల సంచి, ఒకే రకం అబద్ధాలు. ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందని ఫోను వస్తే, టీ గ్లాసు చేత్తో పట్టుకునే "దారిలోనే ఉన్నామండీ, రెండు నిమిషాల్లో మీ గేటు దగ్గరుంటాం" అనడంలో ఆయన్ని మించినవాడు లేడు. అలాంటి మనిషి ఒకరోజు ఫోనెత్తి, "ఇంకా బయల్దేరలేదండీ. టీ తాగుతున్నాం. నలభై నిమిషాలు పడుతుంది" అన్నాడు. నాకు పొలమారింది.

"ఏమైంది బావా నీకు? ఒంట్లో బాగానే ఉందా?"

"నిజం చెప్పాను కదరా."

"అందుకే అడుగుతున్నాను."

ఆ సాయంత్రమే అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, మీ బావ తెల్లారకముందే లేచి స్నానం చేస్తున్నాడు. దీపం పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుంటున్నాడు. చొక్కా జేబులో జపమాల దొరికింది. ఏమిటిదని అడిగితే నవ్వుతాడు. ఏదైనా పెద్ద జబ్బు దాస్తున్నాడంటావా?"

"జబ్బూ లేదు, గిబ్బూ లేదు. ఏదో వెధవ పని చేసుంటాడు" అన్నాను. "లేకపోతే ఈ వయసులో దీపాలెందుకు?"

అక్క ఏడుపు లంకించుకుంది. అనవసరంగా నోరు జారానని తిట్టుకున్నాను గానీ, నా మాట మీద నాకు నమ్మకమే.

బావ చెప్పిన కారణం వింటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా మేనకోడలికి బళ్లో ఒక కాగితం ఇచ్చారట. మీది ఏ మతం, దాని ప్రకారం ఇంట్లో రోజూ ఏం చేస్తారు, రాసుకురండి అని. ఆ పిల్ల "హిందువులం" అని రాసి, "ఇంకేం రాయను నాన్నా? మనం ఏం చేస్తాం?" అని అడిగిందట.

"నా నోట్లోంచి ఒక్క మాట రాలేదురా" అన్నాడు బావ. "గోడ మీద దేవుడి పటం ఉంది. దాని వెనక బల్లులున్నాయి. అంతే మన ధర్మం. సిగ్గేసింది. అందుకని చిన్న చిన్నవి మొదలుపెట్టాను. పొద్దున దీపం. కాసేపు జపం. అబద్ధమాడకపోవడం. చేసే పని దేవుడికి చేస్తున్నట్టు చెయ్యడం."

"లిఫ్టుకి గ్రీజు పూయడం కూడానా?"

"ముందు అదే."

బళ్లో ఇచ్చిన కాగితానికి నలభై ఎనిమిదేళ్ల మనిషి మారిపోతాడా? ఎవరి చెవిలో పువ్వులు పెడుతున్నాడు!

ప్రతి లిఫ్టుకీ మెషీన్ రూములో ఒక సర్వీసు కార్డు వేలాడుతూ ఉంటుంది. ఇరవై ఒక్క పనులు. ఒక్కోటి చూసి టిక్కు పెట్టాలి, చివర ఇద్దరం సంతకాలు చెయ్యాలి. మేం ముందు టిక్కులన్నీ వరసగా పెట్టేసి, తర్వాత గుర్తున్నంతవరకు పని చేసేవాళ్లం. ఇప్పుడాయన ఒక్కోదాన్నీ ముట్టుకుని, చూసి, అప్పుడు టిక్కు పెడుతున్నాడు. రోజుకి తొమ్మిది లిఫ్టులయ్యేవి ఆరుకి దిగాయి. పైగా సాయంత్రం వ్యానులో కూర్చుని చిన్న నోటుపుస్తకంలో ఏదో రాసి, నేను తొంగిచూసేలోపు జేబులో పెట్టేసుకుంటాడు. ఏం రాస్తున్నాడు? ఎవరి మీద రాస్తున్నాడు?

ఇదంతా నవ్వి ఊరుకునేవాణ్ణే, నా ఎర్ర వైరు పోకపోతే.

లిఫ్టు తలుపు పూర్తిగా మూసుకుంటే తప్ప లిఫ్టు కదలదు. తలుపు దగ్గర తాళం అలా కాపలా కాస్తుంది. పరీక్ష చేసేటప్పుడు మేం ఒక ఎర్ర వైరు ముక్క తగిలించి ఆ తాళాన్ని మాయ చేస్తాం. పనయ్యాక ఆ వైరు తీసెయ్యాలి. కార్డులో ఇరవై ఒకటో పని అదే. మర్చిపోతే తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదులుతుంది. అప్పుడు ఎవరైనా కాలు పెడితే ఇక చెప్పక్కర్లేదు.

ఒక శనివారం సాయంత్రం కంటి ఆసుపత్రిలో పని. మూసేస్తాం, మూసేస్తాం అంటూ వాచ్‌మన్ తాళాల గుత్తి ఆడిస్తున్నాడు. "అంతా అయిపోయింది బావా" అన్నాను. ఆయన సంతకం పెట్టాడు. ఆదివారం సాయంత్రం సంచి దులుపుతుంటే మూడు ఎర్ర వైర్లకి రెండే ఉన్నాయి. నాలుగో అంతస్తు తలుపు! కళ్లకి కట్లు కట్టుకున్నవాళ్లు ఎక్కే లిఫ్టు! సోమవారం ఆసుపత్రి తెరవకముందే పరిగెత్తాను. వైరు లేదు. ఎవరో తీసేశారు.

ఎవరో ఏమిటి, బావే. కానీ నాతో ఒక్క మాట అనలేదు. రోజూ పక్కనే కూర్చుని అన్నం తింటాడు, నవ్వుతాడు, నోటుపుస్తకంలో రాసుకుంటాడు. నామీద అప్పటికే ఒక హెచ్చరిక ఉంది. ఇంకొకటి వస్తే ఉద్యోగం ఊడుతుంది. ఇద్దరు పిల్లలతో నేనెక్కడికి పోవాలి? అబద్ధం చెప్పనని ఒట్టు పెట్టుకున్నవాణ్ణి రేపు ఎవరైనా అడిగితే? రెండు వారాలు నాకు ముద్ద దిగలేదు.

అందుకే ముందు నేనే వెళ్లాను. మా సూపర్‌వైజరు దగ్గర నిలబడి, "బావ డ్యూటీలో జపం చేసుకుంటున్నాడు సార్. పని సాగట్లేదు" అన్నాను. ఇక ఆయన నా గురించి ఏం చెప్పినా కక్షతో చెప్పాడనుకుంటారు. నా బుర్రకి అంతకంటే తోచలేదు.

తర్వాతి సోమవారం ఇద్దర్నీ పిలిచాడు సూపర్‌వైజరు. నా పితూరీ మీద విచారిస్తూ తెప్పించాడట, బల్ల మీద ఆసుపత్రి గేటు రిజిస్టరు కాగితం ఉంది.

"డ్యూటీలో జపం చేస్తున్నావా?" అని బావని అడిగాడు.

"భోజనాల వేళ పది నిమిషాలు సార్."

"సరే. ఈ కాగితంలో ఉన్న ఆదివారం, సెలవు పూట ఆసుపత్రికెళ్లి మెషీన్ రూము తాళం ఎందుకడిగావు?"

నేను బల్ల మీది కాగితంలో బావ సంతకం వెతికాను.

"ముందురోజు చూడకుండా సంతకం పెట్టాను సార్. చూసి వద్దామని వెళ్లాను."

"ఏం కనిపించింది?"

బావ తల వంచుకున్నాడు. "అది నేను చెప్పేది కాదు సార్."

"చెప్పకపోతే దొంగచాటుగా వెళ్లావని రాస్తాను. ఉద్యోగం పోతుంది."

"రాయండి సార్."

నావైపు చూడనైనా చూడలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. అబద్ధమాడడట, నన్ను పట్టివ్వడట, తను మాత్రం రోడ్డున పడతాడట! రేపు మా అక్క మొహం నేనెలా చూడాలి?

"ఎర్ర వైరు సార్!" అని అరిచాను. "నాది. తలుపు దగ్గర మర్చిపోయాను. ఆయన తీశాడు. ఈయన మంచితనంతో నేను వేగలేకపోతున్నాను!"

నోరు తెరిచి ఒప్పుకున్నానని ఉద్యోగం ఉంచారు గానీ, లిఫ్టులు ముట్టుకోకుండా సామాన్ల గదికి మార్చారు. బావకి ఒక హెచ్చరిక కాగితం ఇచ్చారు, ఇన్నేళ్లలో మొదటిది.

వ్యానులో కూర్చున్నాక అడిగాను. "నేను చెప్తానని నీకు ముందే తెలుసా? నాటకమాడావా?"

"తెలీదురా. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను."

నేను నమ్మలేదు. "ఆ పుస్తకం ఇటివ్వు."

తీసి ఇచ్చాడు. నా సంగతి ఎక్కడుందా అని ఆత్రంగా పేజీలు తిప్పాను. అన్నీ ఆయన సొంత తప్పులే. *మా ఆవిడ కంగారు పడుతోందని తెలిసీ నవ్వి ఊరుకున్నాను.* *శనివారం. చూడకుండా సంతకం పెట్టాను.* వైరు మాటే లేదు. *బావమరిది అన్నం తినట్లేదు. అడగడానికి ధైర్యం చాల్లేదు.*

చివరిది మొన్న శుక్రవారానిది. *నా మీద పితూరీ వెళ్లిందట. చెప్పింది బావమరిదేమోనని అనుమానపడ్డాను. సొంతవాణ్ణి అలా అనుకోవడం తప్పు.*

కాసేపు అక్షరాలు కనిపించలేదు.

"బావా."

"ఊఁ."

"ఈ చివరిది తప్పు కాదు. కొట్టెయ్."

ఆయన వ్యాను తాళం తిప్పబోయి ఆగాడు. నావైపు తిరిగాడు. తర్వాత జేబులోంచి పెన్ను తీసి నా చేతిలో పెట్టాడు.

"నీ చేత్తో నువ్వే కొట్టెయ్‌రా" అన్నాడు.