ఇంటికి మూడొందల నలభై అడుగులు

హిల్కెకు పుట్టిల్లూ పడవే, అత్తిల్లూ పడవే. తండ్రి పడవ బొగ్గు మోసేది, మొగుడి పడవ ఇసుకా కంకరా మోసేది. మధ్యలో పడవవాళ్ళ పిల్లల హాస్టల్లో చదువుకున్న ఎనిమిదేళ్ళే ఆమె నేల మీద బతికిన కాలం. అక్కడి మంచం కదలదు కాబట్టి మొదటి నెలంతా నిద్ర పట్టలేదట. పంతొమ్మిదో ఏట ఒక లాకు దగ్గర వొబె కనిపించాడు. ఆ రోజు లాకు తలుపులు మొరాయించి పడవలన్నీ రెండు రోజులు వరసలో నిలిచిపోయాయి. "ఆ తలుపులకి నూనె పెట్టేవాడు బద్ధకస్తుడు కాబట్టి సరిపోయింది, లేకపోతే నాకు పెళ్ళే అయ్యుండేది కాదు" అనేవాడు వొబె.

వాళ్ళ పడవ పేరు అల్బెర్తినా. వెనక చుక్కాని గది, దాని కింద రెండు గదుల కాపురం. మంచం గోడలోనే అమర్చిన చెక్కపెట్టె లాంటిది. పెద్దపిల్ల నిన్కె ఆ మంచం మీదే పుట్టింది. పిల్ల సుఖంగానే పుట్టింది గానీ మాయ ఊడి రాలేదు, రక్తం ఆగలేదు. అప్పుడు పడవ కంకర రేవులో, ఒడ్డు నుంచి మూడు పడవలకి అవతల కట్టి ఉంది. స్ట్రెచర్ని ఆ మూడు పడవల మీదుగా, మధ్యలో ఊగే పలకల మీదుగా చేతులు మార్చుకుంటూ మోశారు. ఆంబులెన్సులో హిల్కెకు గుర్తున్నది ఒక్కటే, వొబె ఒక కాలికే చెక్కబూటు తొడుక్కుని ఎక్కాడు.

ఆ తర్వాత ఆ ఊరి ఆసుపత్రిలో పది రోజులు. సరుకు ఆగదు కనుక మూడో రోజే వొబె పడవ తీసుకుని వెళ్ళిపోవలసి వచ్చింది. బిడ్డను గంట కొట్టినట్టు వేళకి తెచ్చి, వేళకి తీసుకుపోయేవారు. కిటికీలోంచి చూస్తే నీళ్ళు కనిపించేవి కావు. చావుకి దగ్గరగా పోయొచ్చిన సంగతి కన్నా, ఇల్లు తనని ఒడ్డున దింపేసి వెళ్ళిపోయిన ఆ వారం రోజులే ఆమెకి ఎక్కువ బాధగా మిగిలాయి.

మూడేళ్ళకి మళ్ళీ నెల తప్పింది. మెప్పెల్ ఊళ్ళో మంత్రసాని ఫెన్నా పాత కాగితాలు చదివి కళ్ళజోడు తీసింది. ఫెన్నా అప్పటికి రెండు వేల మందికి పురుడు పోసిన మనిషి, అందులో చాలామందికి వాళ్ళ ఇళ్ళలోనే.

"లీటరున్నర రక్తం పోయింది నీకు. తెలుసా?"

"నేను కొలవలేదండీ."

"కొలిచినవాళ్ళు రాశారు. ఈసారి ఇంట్లో కుదరదమ్మా."

"మళ్ళీ అలాగే అవుతుందంటారా?"

"అవకపోవచ్చు. అయితే మాత్రం, మళ్ళీ మూడు పడవలు దాటిస్తారా నిన్ను? ఆసుపత్రిలో అయితే నేనే వచ్చి పురుడు పోస్తాను. నా చేతుల్లోనే. డాక్టరు పక్క గదిలో ఉంటాడు, అంతే తేడా. అన్నీ సవ్యంగా ఉంటే మర్నాడే ఇంటికి పోవచ్చు."

"మర్నాటికి ఇల్లు అక్కడుండాలి కదండీ" అంది హిల్కె.

వొబె తల్లి సీట్స్కె ఆ నెలల్లో కోడలికి సాయంగా పడవ మీదే ఉంది. "నేను ఐదుగుర్ని కన్నాను, ఇక్కడే, ఈ చుక్కాని చక్రం కిందే" అందావిడ బంగాళాదుంపలు చెక్కుతూ. "ఆసుపత్రి గోడలు ఏ రంగో నాకు తెలీదు."

"తెలుపమ్మా" అన్నాడు వొబె. "నేను చూశాను. పది రోజులు కాదుగానీ మూడు రోజులు చూశాను." పెళ్ళాం వైపు తిరిగి అన్నాడు, "నువ్వు ఎక్కడంటే అక్కడే. కానీ ఆ పలకల మీద నేను మళ్ళీ నడవలేను హిల్కె."

 హిల్కె వారం పాటు లోపల్లోపలే మథనపడింది. తన మంచం కావాలి. నిన్కెకు తల్లీ కావాలి. ఎటు చూసినా ఒకటి పోయేట్టే ఉంది. ఒకరోజు పొద్దున్న చక్రం పట్టుకుని మెప్పెల్ ఊరి మధ్యనుంచి పోతుంటే, ధాన్యపు గోదాముల పక్క రేవు వెనకాల ఆసుపత్రి పైకప్పు కనిపించింది. ఆ దారిన వందసార్లు పోయింది. ఆ రోజే చూసినట్టుంది. పడవ ఆపించి, దిగి, పొట్ట పట్టుకుని రేవు నుంచి ఆసుపత్రి తలుపు దాకా నడిచొచ్చింది.

"మూడొందల నలభై అడుగులు" అంది వగరుస్తూ. "మనది నడిచే ఇల్లే కదా. దాన్నే ఇక్కడికి తెచ్చి పెడదాం. నొప్పులు నా మంచం మీద పడతాను. కనడానికి అక్కడికి పోతాను. మర్నాడు ఇంటికొస్తాను."

ఫెన్నా విని చాలాసేపు నవ్వింది. "ఎంతోమంది ఆసుపత్రి ఇంటికి రావాలని గొడవపెట్టారు నాతో. ఇల్లు మోసుకొస్తానన్నది నువ్వే." తర్వాత నవ్వు ఆపి అంది, "లేవమన్నప్పుడు లేవాలి. ఇంకాసేపంటే ఒప్పుకోను."

"లేస్తానండీ."

వొబె చెయ్యాల్సింది ఇంకొకటి ఉంది. ఖాళీ పడవ నీళ్ళ మీద ఎత్తుగా తేలుతుంది, దిగాలంటే నిచ్చెనే గతి. నిండు పడవైతే మునిగి, అంచు రేవుతో సమానంగా ఉంటుంది. అందుకని ఎవరికీ తొందరలేని ఇసుక వెతికి మరీ నింపుకొచ్చాడు. "ఏం వొబె, పెళ్ళానికి గుమ్మం కడుతున్నావట, ఇసుకతో?" అని లాకుల దగ్గర పడవవాళ్ళు ఆటపట్టించారు.

అంతా కుదిరాక రేవులో ఒక బోర్డు అడ్డొచ్చింది. మూడు రోజులకు మించి పడవ కట్టరాదు. మూడో రోజు రేవు అధికారి బూల్‌మన్, ముందువైపు మనిషి పట్టేంత పెట్టె అమర్చిన తన సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.

"మూడు రోజులయింది వొబె."

"బిడ్డకి బోర్డు చదవడం రాదండీ ఇంకా."

బూల్‌మన్ గడ్డం గోక్కున్నాడు. "పడవ రేవు వదలాలని ఉంది రూల్లో. ఎంత దూరం వదలాలో లేదు."

దాంతో అల్బెర్తినా మోకులు విప్పుకుని, వంపు దాకా పోయి, తిరిగొచ్చి అక్కడే కట్టుకుంది. మరో మూడు రోజులకి మళ్ళీ బయల్దేరింది. ఈసారి హిల్కె చక్రం దగ్గర, అత్తగారు పక్కన. వంపులో పడవ తిరుగుతుండగా మొదటి నొప్పి వచ్చింది. హిల్కె చక్రం వదల్లేదు.

"భయంగా ఉందా?" అనడిగింది సీట్స్కె.

"ఉంది."

ముసలావిడ నీళ్ళకేసి చూస్తూ అంది, "నేనేదో ధైర్యంగా కన్నానని చెబుతుంటా కదా. మూడోవాడప్పుడు కాలవ గడ్డకట్టింది. పోదామన్నా దారి లేదు. ఉంటే పరిగెత్తుకుంటూ పోయేదాన్ని."

పడవ రేవు గోడకు గీత పడకుండా ఆనింది. ఫెన్నా వచ్చింది, మంచం మరీ పల్లంలో ఉందని, తనకి కొత్త నడుం ఎవరిస్తారని సణిగింది. హిల్కె తన దిండు మీద, తన కిటికీలోంచి నీటి వెలుగు చూసుకుంటూ అయిదు గంటలు నొప్పులు పడింది. తలుపవతల నిన్కె బఠాణీలు లెక్కపెట్టడం వినబడుతూనే ఉంది.

"ఇక లే" అంది ఫెన్నా.

ఒక్క క్షణం హిల్కెకు లేవబుద్ధి కాలేదు. మంచం వెచ్చగా ఉంది, ఇంత దాకా అంతా బాగుంది, ఇంకొంచెం ఓర్చుకుంటే ఇక్కడే అయిపోతుంది. ఫెన్నా ఆమె కోటు పట్టుకుని నిలబడింది. హిల్కె లేచింది. పడవ మీంచి రేవు మీదకి గుమ్మం దాటినట్టే అడుగేసింది. మూడొందల నలభై అడుగుల్లో మూడుసార్లు ఆగింది, మూడుసార్లూ వొబె మెడకి వేలాడింది. అతను రెండు కాళ్ళకీ బూట్లు వేసుకున్నాడని అప్పుడే గమనించింది.

మగపిల్లవాడు ముప్పావుగంటకి పుట్టాడు. మాయ ఈసారీ మొండికేసింది. ఫెన్నా తలుపు తీసి ఒక్క మాట అంది, డాక్టరు వచ్చాడు. కాస్త రక్తం పోయింది, కాస్త నొప్పెట్టింది. టీ చల్లారేలోపు అంతా సర్దుకుంది.

మర్నాడు బూల్‌మన్ సైకిలు పెట్టెలో దుప్పటి పరిచి తల్లీబిడ్డల్ని తెచ్చాడు. మగపిల్లవాడు పుడితే పంచే ఆనవాయితీ ప్రకారం సీట్స్కె నీలం చక్కెర పూసిన సోంపుగింజలు కరకర బిస్కెట్ల మీద చల్లి అందరికీ పెట్టింది. బూల్‌మన్ రెండు తిన్నాడు. ఆ తర్వాత పది రోజులూ, కళ్ళజోడు పోయింది, బోర్డు కనిపించడం లేదని చెప్పుకు తిరిగాడు.

పదకొండో రోజు ఇసుక దింపడం మొదలైంది. హిల్కె బిడ్డకి పాలిస్తూ పడుకుని ఉంది. క్రేను తొట్టె నిండా ఇసుక లేచిన ప్రతిసారీ మంచం కింద ఇల్లు రవ్వంత పైకి తేలింది. కిటికీలో రేవు గోడ మెల్లమెల్లగా కిందికి జారి, దాని పైన గోదాములు, వాటి వెనక ఆసుపత్రి పైకప్పు కనిపించాయి. ఆమె బిడ్డని రెండో వైపుకి మార్చుకుంది.