ఇంజిన్‌కు పాలాభిషేకం

మొన్న డిసెంబరులో, అల్లూరు దగ్గర మా రొయ్యల గుంట గట్టున జరిగిందిది. కరెంటు పోతే గుంటలో రొయ్యలకు గాలి అందించే చక్రాలు తిప్పే డీజిల్ ఇంజిన్‌ను రోజూ పొద్దున్నే రెండే నిమిషాలు నడిపి ఆపేవాణ్ణి. అదేదో గొప్ప సంరక్షణ అనుకునేవాణ్ణి. ఒక శనివారం ఆయిల్ మూత తీస్తే లోపలంతా తెల్లటి మీగడ! ముందురోజే మా ఆవిడ ఇంజిన్‌కు పూజ చేసింది. ఇంకేముంది, "పాలు పోసి రొయ్యల్ని చంపుతావా?" అని పదిమందిలో అరిచేశాను.

మెకానిక్‌ను పిలిపిస్తే, ఆ మీగడను వేలితో తీసి చూశాడు. "పాలు కాదన్నా, నీళ్లు. ఈ చలికి రెండు నిమిషాల్లో ఇంజిన్ వేడెక్కదు. లోపల చెమ్మ పట్టి ఆయిల్‌లో కలిసింది. అక్కేం చేసింది పాపం? చేసినోడివి నువ్వే" అన్నాడు.

ఆయిల్ మార్చగానే ఇంజిన్ నన్ను క్షమించింది. మా ఆవిడ మాత్రం నేను టీ అడిగినప్పుడల్లా, "పాలన్నీ ఇంజిన్‌లో పోసేసినాను, పోయి తెచ్చుకో" అంటోంది.