అద్దం వెనక పైలట్

బస్టాండులో టికెట్లిచ్చే పెద్దమనిషి పగలంతా అద్దం వెనకే ఉంటాడు. ఇంటికొస్తే ముక్కలు అతికించి తాను తయారుచేస్తున్న యుద్ధకాలపు జపాను విమానం బొమ్మ తప్ప ఆయనకు మరో లోకం పట్టదు. రెక్కలకు ఆకుపచ్చ రంగు వేశాడు. గోరంత పైలట్‌కు కనుబొమలు కూడా దిద్దాడు. తీరా పైలట్ మీద అద్దపు కప్పు అంటించేటప్పుడు తొందర కొంప ముంచింది. నిదానంగా ఆరే తెల్లజిగురుకు బదులు ఘాటు జిగురు వాడాడు. దాని ఆవిరికి అద్దం లోపలివైపు తెల్లగా మసకబారింది.

"లోపల మనిషి కనబడట్లేదేంటండీ?" అంది భార్య.

"ఉన్నాడు."

"అద్దం తీసి తుడవచ్చుగా?"

"ఇక ఊడదే. లాగితే విమానమే విరుగుతుంది."

"అంత ముస్తాబు చేసి మూసిపెట్టేశారన్నమాట."

మర్నాడు కౌంటర్లో కూర్చోగానే ఆయన జేబురుమాలు తీసి అద్దం తుడవసాగాడు. ఎంత రుద్దినా మరక పోలేదు.

"అది ఇటువైపుందండీ," అన్నాడు వరసలో మొదటివాడు.