ఇస్త్రీ ఆవిడ అరగంట

ఇస్త్రీ ఆవిడంటే మా వీధిలో ఎవరికీ పడదు. నాకూ పడదు, దాచడం ఎందుకు? నాలుగు వీధుల వాళ్లం కలిసి పెట్టుకున్న చిన్న రేడియోలో మీటల దగ్గర కూర్చునేది నేనే. పేరు రాయించుకున్న వాళ్లెవరికైనా వారానికో అరగంట ఇస్తాం. జనం వంటల గురించో పాత పాటల గురించో మాట్లాడి పోతారు. ఆవిడ మాత్రం బుధవారం సాయంత్రం ఐదింటికి వచ్చి, చేతులకి గంజి వాసనతోనే మైకు ముందు కూర్చుని, ఒక్కొక్కరినీ ఉతికి ఆరేసేది. స్కూలు వ్యాను డ్రైవరు పన్నెండుమంది పట్టేచోట ఇరవైమంది పిల్లల్ని కుక్కుతున్నాడంది. మా రేడియో అధ్యక్షుడు తన బావమరిదికి రోజూ రెండు గంటలు కట్టబెట్టాడని, అదే రేడియోలో కూర్చుని చెప్పింది. ఉన్నమాటంటే ఉలుకెక్కువ కదా.

మా దగ్గరొక నియమం ఉంది. మైకులో ఎవరినైనా అంటే, ఆ మాట పడ్డవాళ్లు వచ్చి జవాబు చెప్పుకోవచ్చు. ఆ సమయం అన్నవాళ్ల వాటాలోంచే పోతుంది. పెట్టినప్పుడు న్యాయమే అనుకున్నాం. అధ్యక్షుడు ఆవిడ చేత మాట పడ్డవాళ్లందరినీ కూడగట్టి వరసగా పేర్లు రాయించాడు. ఏడు వారాలు ఆవిడ నోరు కట్టేశారు.

అయినా ప్రతి బుధవారం ఐదింటికి వచ్చేది. మైకు గది అద్దం ఇవతల నా పక్క స్టూలు మీద కూర్చుని, తనని తిట్టేదంతా విని వెళ్లేది. నాకు ఒళ్లు మండేది. పని చెడగొట్టుకుని ఎందుకొస్తావని ఒకసారి అడిగేశాను.

"నా అరగంట తమ్ముడూ. ఎవడొచ్చి కూర్చున్నా అది నాదే," అంది.

ఏడో పేరు ఆవిడ భర్తది. గడియారాలు బాగుచేసే మనిషి. కోపమొస్తే ఆయన నెలల తరబడి తనతో మాట్లాడడని కూడా ఆవిడ మైకులో చెప్పేసింది మరి. మొగుడి చేతిలో ఆవిడ పని అయిపోతుందని ఆ రోజు వీధి వీధంతా రేడియో పెట్టుకుని కూర్చుంది.

ఆయన వచ్చాడు. ఎర్ర లైటు వెలిగింది. ఆయన చేతిగడియారం విప్పి బల్ల మీద పెట్టి, దాన్నే చూస్తూ కూర్చున్నాడు. నోరు విప్పలేదు. ఐదు నిమిషాలకి భయమేసి అధ్యక్షుడికి ఫోన్ చేసి, పాట వేయనా అన్నాను. సమయం ఆయనది, వేయడానికి నువ్వెవరివి, ఆవిడ మాట్లాడకపోతే అదే చాలు అన్నాడు. అరగంటసేపు ఆయన ఊపిరి, కుర్చీ కిర్రు తప్ప రేడియోలో ఏమీ వెళ్లలేదు. ఆవిడ స్టూలు మీంచి కదల్లేదు. ఐదున్నర కాగానే ఆయన గడియారం పెట్టుకుని, ఆవిడ వైపైనా చూడకుండా వెళ్లిపోయాడు. అంత నీచమైన పని నేనెక్కడా చూడలేదు. ఆపకుండా మీటల దగ్గర కూర్చున్నందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

మరుసటి బుధవారానికి జాబితాలో పేర్లు అయిపోయాయి. ఆవిడ మైకు ముందు కూర్చుంది. ఎప్పటిలా గొంతు పెంచలేదు.

"పోయినవారం మీరంతా అరగంట విన్నారుగా. నేను ఇరవై ఏడేళ్లుగా వింటున్నా."