ఇంకొక్క టేక్ మంగ్త్యా

"మూడుసార్లు ఏడిపించావయ్యా నా కోడల్ని! లెక్కబెట్టిన నేను. మూడంటే మూడుసార్లు!"

"మొదటిదాంట్ల ఫోకస్ పోయింది సార్."

"రెండోదాంట్లో?"

"రెండోదాంట్ల మీ మరదలమ్మ మోచెయ్యి అడ్డమొచ్చింది."

"మూడోదో?"

"మూడోది మస్తుగొచ్చింది సార్. సేఫ్టీకి ఇంకొక్కటి తీద్దామనుకున్న. గంతల మీరు బస్సెక్కిన్రు."

"ఎక్కక ఏం చెయ్యమంటావ్? వర్జ్యం వచ్చేసింది! కోడలు ఇంట్లో కాలుపెట్టే టైము దాటిపోయింది. మా అమ్మ ఇప్పటికీ దెప్పుతనే ఉంది. సరే, అదట్లుంచు. ఈ క్యాసెట్‌లో ఏడుపు ఒక్కటే ఉందేం? మిగతా రెండేడుపులు ఏవి?"

"ఎడిటింగ్‌ల తీసేస్తం సార్. మంచిదొక్కటే ఉంచుతం."

సూర్యాపేట బస్టాండు ఎదురుగా మేడ మీది వీడియో స్టూడియోలో, ప్లైవుడ్ గోడకు ఇవతల కూర్చున్న మల్సూర్‌కు ఈ మాటలన్నీ వినపడుతున్నాయి. స్టూడియో అతనిదే. అరుస్తున్నది కోదాడ ఎరువుల దుకాణం లింగస్వామి. తిట్లు తింటున్నది స్టూడియో కెమెరామన్ మంగ్త్యా. మల్సూర్ లేవలేదు. లేచి అటు పోతే తనూ ఓ మాట అనాలి. ఆ ఒక్క మాటకు కూడా ఓపిక లేదు. పైగా మంగ్త్యా చెప్పింది పచ్చి అబద్ధం. ఎడిటింగ్ చేసేది మల్సూరే. టేపులో అప్పగింతలు ఒక్కసారే ఉన్నాయి. మిగతా రెండూ అతను తీసెయ్యలేదు, అసలు ఎక్కనే లేదు. అంటే ఈ మనిషి మూడుసార్లు ఏడిపించి, ఒక్కసారే బటన్ నొక్కాడు.

మంగ్త్యాకున్న జబ్బు ఇదొక్కటే. లోకంలో ఏ పనీ ఒక్కసారితో అయిపోయిందంటే ఒప్పుకోడు. "ఇంకొక్క టేక్" అంటాడు. హోటల్లో చాయ్ పోసేవాడు గ్లాసు ఎత్తి పోస్తే, "ధార మంచిగుంది గని నురుగు రాలే, ఇంకొక్కసారి" అంటాడు. కండక్టర్ రైట్ రైట్ అంటే, "జర సౌండు పెంచి ఇంకోపారి" అంటాడు. భార్య భూలి ఒకరోజు తిడుతుంటే, "ఎక్స్‌ప్రెషన్ మస్తుగుంది, డైలాగు స్పీడైంది" అన్నాడట. ఆమె రెండో టేక్ గరిటెతో చేసింది. దానికి మాత్రం మంగ్త్యా ఓకే చెప్పాడు.

ఇదంతా మద్రాసు తెచ్చిన తంటా. మిర్యాలగూడ అవతల తాండాలో పుట్టిన మనిషి, ఇరవయ్యేళ్ల వయసులో ఎట్లనో మద్రాసు పోయి, పద్నాలుగు నెలలు ఒక స్టూడియోలో లైట్ల స్టాండ్లు మోశాడు. కెమెరాను ముట్టనివ్వలేదు. మాటలు ఎత్తుకురాకుండా మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. మూటనిండా తెచ్చి తాండాలో విప్పాడు.

"సిన్మా మొదటిసంది ఆఖరుదాక ఒకటే బిగిన తియ్యరు. ముక్కలు ముక్కలు తీస్తరు. ఒక్కో ముక్క ఒక షాటు. గా ఒక్క షాటే ఎన్నిసార్లు తీస్తే అన్ని టేకులు."

తాండా పెద్దమనిషి ఫకీరా చుట్ట కిందపెట్టి అడిగాడు. "మొదటిసారే సక్కగ తియ్యరాదా?"

ఆ ప్రశ్నకు మంగ్త్యా ఇరవయ్యేళ్లయినా జవాబు చెప్పలేదు.

తొంభైలలో పెళ్లిళ్లకు వీడియోలొచ్చాయి. మంగ్త్యా భుజం మీదికి కెమెరా వచ్చింది. ఇక పట్టపగ్గాల్లేవు. మొదటి పెళ్లి మిర్యాలగూడలో. పలకకు తలుపు బందు బిగించి తనే ఒక క్లాప్ బోర్డు చేసుకున్నాడు. సరిగ్గా తాళి కట్టే సమయానికి పెళ్లికొడుకు ముక్కు ముందు పెట్టి టప్పున కొట్టాడు. పెళ్లికొడుకు ఉలిక్కిపడి మొదటి ముడి గాలికి వేశాడు.

"ఏందయ్యా గిది?" అని అయ్యగారు గుడ్లురిమితే, "సౌండు, బొమ్మ ఒకచోట కలవాల్నంటే గీ టప్పుడే గుర్తు అయ్యగారూ" అని నెమ్మదిగా పాఠం చెప్పాడు. తాళి రెండో టేకులో పడింది.

ఇంకో పెళ్లిలో లాంగ్ షాట్ తీస్తానని రైసుమిల్లు రేకుల మీదికెక్కాడు. టేపు చూస్తే పందిరి అగ్గిపెట్టెంత, చుట్టాలు చీమలంత ఉన్నారు. "మా ఆయన యాడున్నడు ఇండ్ల?" అని పెళ్లికూతురే అడిగింది.

అన్నిటికంటే గోస కంటిన్యుటీది. ముందు షాట్లో మనిషి ఎట్లున్నాడో, తర్వాతి షాట్లోనూ అట్లనే ఉండాలి. లేకుంటే చూసేవాళ్లకు అతుకు తెలిసిపోతుందట. ఒకచోట పెళ్లికూతురు మేనమామ యేసయ్య ఒక షాట్లో పాన్ నములుతున్నాడు. రెండో షాటుకు ఉమ్మేశాడు. మంగ్త్యా పరుగున పోయి ఇంకో పాన్ కట్టించుకొచ్చి నోట్లో పెట్టించాడు. ఆ పెళ్లిలో యేసయ్యకు ఏడు పాన్లు పడ్డాయి. విస్తరి ముందు కూర్చుంటే అన్నం రుచే తెలియలేదట.

ఇవన్నీ విని నవ్వేవాళ్లు నవ్వారు. మల్సూర్‌కు నవ్వు రాలేదు. బీకాం రెండో ఏడు వదిలేసి, కొన్నాళ్లు మిల్లు, కొన్నాళ్లు వాడపల్లి సిమెంటు కంపెనీ, కొన్నాళ్లు లారీ, ఎక్కడా ఆర్నెల్లు నిలవని మనిషి ఇక్కడొచ్చి పడ్డాడు. రెండు వీసీఆర్లు పక్కపక్కన పెట్టి, ఒకదాంట్లో పెళ్లి ఆడిస్తూ ఇంకోదాంట్లో ఎక్కిస్తాడు. పొద్దస్తమానం ఎవడిదో తాళి, ఎవరివో అక్షింతలు. దంపతులను గులాబీ పువ్వులో పెట్టాలి, గుండె బొమ్మలో పెట్టాలి, గిరగిరా తిప్పాలి. మూడేళ్లుగా తిప్పి తిప్పి అతనికే తల తిరుగుతోంది. పెళ్లి అనే మాట వింటేనే ఆవులింత వస్తుంది.

లింగస్వామి ప్లైవుడ్ తలుపు తోసుకొని లోపలికే వచ్చేశాడు.

"ఇదిగో మల్సూర్, వచ్చే గురువారం మా రెండోవాడి పెళ్లి. కోదాడలోనే. మాటిచ్చినం కాబట్టి నీకే చెప్తున్న. ఆ మనిషి నోట 'టేక్' అనే మాట ఒక్కసారి వినపడ్డదంటే, కోదాడ నుంచి సూర్యాపేట దాకా నీ మెట్లెక్కేవాడు ఉండడు. చూస్కో."

అతను దిగిపోయాక మల్సూర్ మంగ్త్యాను పిలిచాడు.

"ఇన్నవా అన్నా?"

"ఇన్న. 'మెట్లు' అన్నకాడ గొంతు మంచిగ పలికింది. ఇంకొక్క..."

"అన్నా! నాకు యాష్టకొచ్చింది. గురువారం నేనే వస్త నీ ఎంబడి. ఒక్కటే టేకు. రెండోది అంటివా, కెమెరా ఆడనే దించి తాండకు పో. మళ్ల నా దుకాణం మొకం సూడకు. నీతోని అయితదా, కాదా?"

మంగ్త్యా చాలాసేపు పలక క్లాపును తెరిచి మూశాడు. చప్పుడు రాకుండా మూశాడు.

"అయితది తమ్మీ."

గురువారం పొద్దున్నుంచి మంగ్త్యాను చూస్తే మల్సూర్‌కే జాలేసింది. ఎదురుకోళ్లు ఒక్కటే టేకు. జీలకర్ర బెల్లం ఒక్కటే టేకు. పెళ్లికొడుకు బాబాయి ఒకాయన కెమెరాకు అడ్డంగా నిలబడి వీపు గోక్కుంటున్నా, మంగ్త్యా పళ్లు బిగపట్టి ఊరుకున్నాడు. తలంబ్రాలు పోసేటప్పుడు పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. చెమటలు మాత్రం కారాయి. లింగస్వామి సిల్కు కండువా సర్దుకుంటూ వచ్చి, "ఆఁ, ఇదీ పనంటే" అని మెచ్చుకున్నాడు కూడా.

మధ్యాహ్నం మూడింటికి అప్పగింతలు. పందిరి బయట పెళ్లికొడుకు వాళ్ల బస్సు ఇంజిన్ ఆన్ చేసి ఉంది. డ్రైవర్ హారన్ మీద చెయ్యి తీయడం లేదు. పెళ్లికూతురు అలివేలు పోయేది పక్కూరికి కాదు. పెళ్లికొడుక్కు రామగుండంలో ఉద్యోగం, బస్సు నేరుగా అక్కడికే. కెమెరా లైటు వెలగంగానే పిన్నులు, మేనత్తలు, ఎదురింటోళ్లు, ఎప్పుడూ కనపడనోళ్లు అందరూ అలివేలు మీద పడ్డారు. ఏడుస్తూనే కెమెరా దిక్కు మొహాలు తిప్పారు. కన్నతల్లి జంగమ్మ ఎక్కడో వంటల కాడ, మగపెళ్లివాళ్లకు దారిలో తినడానికి పులిహోర మూట కడుతున్నది. పసుపు చేతులతో ఉరికొచ్చేసరికి గుంపు మూడు వరుసలైంది. ఆమె చెయ్యి గుంపులోంచి దూరి బిడ్డ చీర కొంగు దాకా పోయింది. అంతే. కొంగు జారిపోయింది.

"పదండి పదండి, టైమవుతోంది!" లింగస్వామి చప్పట్లు కొట్టాడు.

"ఫోకస్ పోయింది!" అని అరిచాడు మంగ్త్యా. "ఇంకొక్క టేక్!"

పందిరంతా చప్పబడింది. మల్సూర్ కళ్లు మూసుకున్నాడు. ఇగ ఖతం. దుకాణం మెట్లు, కోదాడ, సూర్యాపేట అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. రెండంగల్లో మంగ్త్యా మీదికి పోయాడు.

"కెమెరా దించు."

"జరసేపు ఆగు తమ్మీ."

"దించు అంటున్న!" కెమెరా గుంజి తన కన్ను పెట్టాడు. బొమ్మ మూలన 'రెక్' అని పడాలి, పడితేనే టేపు ఎక్కుతున్నట్టు. అక్కడ ఏమీ లేదు. కెమెరా ఊరికే చూస్తోంది.

"బటనే నొక్కలే! పోయినసారి గూడ గిట్లనే జేసినవ్. నీకు బటన్ నొక్కుడు గూడ రాదా?"

"వస్తది." మంగ్త్యా గొంతు తగ్గించాడు. "మొదటి టేక్ ఎక్కింది. ఫోకస్ గిట్ల ఏం పోలే, మస్తుగుంది. గది సాలు క్యాసెట్‌కు."

"మరి గిదేంది?"

"మొదటి టేకు సుట్టాలది తమ్మీ. గాళ్లు కెమెరా కోసమే ఏడుస్తరు. రెండో టేకు అనంగనే సగం మందికి ఇసుగొచ్చి బస్సుల సీట్లు పట్టుకోను పోతరు. మూడో టేకుకు ఎవ్వడుండడు, తల్లీ బిడ్డ తప్ప. గప్పుడు తియ్యొద్దు. గది టేపుది గాదు, గాళ్లది."

మల్సూర్ తలెత్తి చూశాడు. నిజంగానే ఎదురింటోళ్లు లేరు. పిన్నులిద్దరు కుర్చీల్లో కూలబడి కాళ్లు పిసుక్కుంటున్నారు. జంగమ్మ ఒక వరుస ముందుకు వచ్చింది. ఇంకో వరుస ఉంది. అవతలి నుంచి లింగస్వామి మెడ నరాలు ఉబ్బించుకొని వస్తున్నాడు.

"ఏమయ్యా మల్సూర్! నీకేం చెప్పిన నేను?"

మల్సూర్ కెమెరాను తన భుజానికెత్తుకున్నాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"తప్పు మావోనిది కాదు సార్. కంటిన్యుటీ తప్పింది."

"ఏం తప్పింది?"

"మీ కండువ. ఇందాకటి షాట్ల ఎడమ భుజం మీదున్నది, ఇప్పుడు కుడి దిక్కుకొచ్చింది. క్యాసెట్‌ల జూస్తే లింగస్వామి సార్లు ఇద్దరున్నరనుకుంటరు."

లింగస్వామి ఆగి భుజం చూసుకున్నాడు. కండువా ఎడమకు మార్చాడు. దువ్వెన తీసి నాలుగు వెంట్రుకలు సర్దాడు. "ఇప్పుడు?"

"ఇప్పుడు జబర్దస్తుగుంది. అసలు పొద్దున్నుంచి మీ క్లోజప్పే పడలే. గీ వెల్తుర్ల నిలబడున్రి. గదుమ జర పైకి. ఇంకొంచెం. ఊహూ, ఇంకొక్క టేక్!"

ఆ మాట తన నోటి నుంచే వచ్చిందని మల్సూర్‌కు ఆలస్యంగా తెలిసింది. లింగస్వామికి అసలే తెలియలేదు. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, కళ్లజోడుతో ఒకటి, కళ్లజోడు తీసి ఒకటి, కొడుకును సాగనంపుతున్నట్టు చెయ్యెత్తి ఒకటి. తనూ అదే బస్సులో పోవాలి కదా అని ఆయనకూ తోచలేదు. డ్రైవర్ కూడా ఇంజిన్ ఆపేసి దిగొచ్చి, "అన్నా, నాది గూడ ఒకటి" అన్నాడు.

ఆ పావుగంట పందిట్లో తల్లీబిడ్డల నడుమ ఎవ్వరూ లేరు. జంగమ్మ పసుపు చేతులు అలివేలు వీపు మీద, కొత్త చీర మీద, పది వేళ్లూ అచ్చుపడేటట్టు ఉన్నాయి. ఏం మాట్లాడుకున్నారో వినపడలేదు. మంగ్త్యా వాళ్ల దిక్కు వీపు తిప్పి నిలబడి, కెమెరా వైరు చుట్టలు చుడుతున్నాడు.

బస్సు కదిలేముందు లింగస్వామి కిటికీలోంచి తల బయట పెట్టాడు. "ఈసారి మంచిగ తీసిన్రయ్యా! మా చెల్లెలి కొడుకు పెళ్లి కూడా మీకే."

కోదాడ నుంచి సూర్యాపేట బస్సులో ఇద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ఒళ్లో కెమెరా పెట్టె. మల్సూర్‌కు ఒళ్లంతా నొప్పులుగా ఉంది గానీ, ఎప్పుడూ వచ్చే ఆవులింత మాత్రం రాలేదు.

"మద్రాసుల నేర్పిన్రా అన్నా నీకు గీ మూడు టేకుల కథ?"

"మద్రాసుల ఎవలు నేర్పుతరు?" మంగ్త్యా కిటికీ బయటికి చూస్తూ అన్నాడు. "మా తాండల పిల్లను పంపుడంటే గిట్ల హారన్ గొట్టుడు లేదు. ఒక్కొక్కల మెడ పట్టుకొని, పాట కట్టి ఏడుస్తది పిల్ల. అవ్వ మీద ఒక పాట, అన్న మీద ఒక పాట, ఇంటెనక బర్రె మీద ఒక పాట. అయ్యేదాక ఎవ్వడు లేవడు. మీ పెండ్లిళ్లు జూస్తే నాకు పరేషాన్ అయితది. రెండు నిమిషాలల్ల బిడ్డను బస్సులేస్తరు. మీకేమో పాటలు రావు. గందుకని టేకులు పెట్టిన."

బస్సు మునగాల దాటింది. కాసేపటికి మంగ్త్యా గొంతు సవరించుకున్నాడు.

"తమ్మీ, ఒకటుంది, కాదననంటె అడుగుత."

"అడుగు."

"వచ్చేనెల మా బిడ్డ నీలా పెండ్లి. కెమెరా నువ్వు పట్టాలె."

"నేనా? నాకు ఫోకస్ పట్టుడే రాదన్నా. లాంగ్ షాట్, క్లోజప్ పేర్లే తెలుసు గని తీసుడు నాకేం తెలుసు!"

"ఫోకస్ పోతే పోనీ. బొమ్మ ఊగితే ఊగనీ. ఏడుపుల లైను ఆఖరుకు నేనుంట, నా దాక వచ్చేసరికి పొద్దు గూకుతది. క్లాప్ గొట్టుకో, రేకులెక్కు, ఏమన్న జేస్కో. గని నా బిడ్డ నా మెడ పట్టుకున్నంక, ఎంతసేపైన సరే... 'కట్' అని మాత్రం అనకు తమ్మీ."