ముందు వరస చాప

మొన్న ఆదివారం మార్కాపురంలో మా మందిరంలో ప్రభు సంస్కారపు రొట్టే ద్రాక్షరసమూ ఇస్తున్నప్పుడు, బొటనవేలంత ప్లాస్టిక్ కప్పులోంచి ద్రాక్షరసం వాసన ముక్కుకు తగలగానే కప్పును నోటిదాకా ఎత్తలేక ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాను. ఎవరి కప్పు వాళ్లది. తాగి బుట్టలో పడేస్తే అయిపోయింది. చుట్టూ అందరూ కళ్లు మూసుకున్నారు. నేను కళ్లు మూస్తే మాత్రం, వెండిపూత ఊడి అంచున ఇత్తడి బయటపడిన పాత గిన్నే, దానికోసం పొద్దున్నే తలస్నానం చేసి ముందు వరస చాప మీద కూర్చునే మా నాయనా కనిపించారు.

మా తాలూకాను కర్నూలు నుంచి విడదీసి ఒంగోలు కింద కలిపిన కొత్తలో, మా అవ్వ ఇంకా ఉత్తరాల మీద కర్నూలు జిల్లా అనే రాయించే రోజుల్లో, మేం పలకల గనుల దగ్గర ఉండేవాళ్లం. వేసవిలో గని గాలి మా ఇంటిమీదికి తిరిగితే ఉట్టి మీది మజ్జిగలోనూ, సజ్జరొట్టెల మీదా, అవ్వ కనుబొమల్లోనూ కూడా బూడిదరంగు గుండ పేరుకునేది. తొలకరి చినుకు పడితే తడిసిన పలక వాసన, బడికి పోయే పిల్లల సంచుల్లోంచి వచ్చే వాసనే, ఊరంతా కమ్మేది. క్రిస్మస్‌కి ఒక్క నాలుగు రోజులు అరిసెల పాకం వాసన దాన్ని గెలిచేది. వెదురుబద్దలకు రంగుకాగితాలు అంటించి నక్షత్రం కట్టడానికి పిల్లలమంతా ఒకచోట చేరేవాళ్లం గానీ, అరిసెలు మాత్రం ఎవరింటివి వాళ్లింట్లోనే తినేవాళ్లం. అదొక పద్ధతనుకున్నాను గానీ, గర్వమని నాకప్పుడు తెలియదు.

నాయన గనిలో మేస్త్రి. మాది బేస్తవారిపేట పక్కన తరతరాలుగా గొర్రెలు కాసిన ఇల్లు. నాకు ముందు పుట్టిన ఇద్దరు పసిబిడ్డలు పోయి, నేనూ పోబోతుంటే, ఒక పాస్టరు అయ్యగారు వచ్చి మూడు రోజులు నా మంచం పక్కన ప్రార్థన చేశారట. నేను బతికాను, నాయన నమ్ముకున్నాడు. సారా మానేశాడు, బూతులు మానేశాడు. కులం మాత్రం మానలేకపోయాడు. పుట్టుకతో వచ్చింది పుడకలతో గానీ పోదంటారు కదా. మందిరానికి వచ్చే మిగతావాళ్లంతా ఊరవతలి పేటవాళ్లు. వాళ్లతో కలిసి పాడేవాడు, పక్కపక్కనే మోకరించేవాడు. కానీ నెలకొకసారి సంస్కారం నాడు అయ్యగారు ఒకే ఒక గిన్నె పట్టుకుని ఒక్కొక్కరి పెదాలకూ అందిస్తూ వరసలు దాటుకుంటూ పోయేవారు. మొదట తాగినవాడికి ఎవరి ఎంగిలీ తగలదు. అందుకే నాయన అందరికంటే ముందు వచ్చి ముందు చాప మీద మొదటి మనిషిగా కూర్చునేవాడు. అయ్యగారికి తెలుసు, మనిషి దక్కాడు చాలు అనుకుని ఊరుకున్నారేమో. నాకైతే మా నాయనే మొదలని మహా మిడిసిపాటు.

చిట్టచివరి చాప మీద, తలుపు పక్కన, యోహాను మామ కూర్చునేవాడు. గనిలో నాయన చేతికింద పని. రాతికి ఉలి ఆనించి రెండు దెబ్బలు వేస్తే పలకలు వాటంతటవే పొరలు విడినట్టు విడిపోయేవి. ఇరవై ఏళ్ల గుండ ఊపిరితిత్తుల్లో దిగి, ఎప్పుడూ దగ్గేవాడు. తన తర్వాత తాగడానికి జనం భయపడతారని, తనంతట తనే వెళ్లి చివర కూర్చునేవాడు. ఆయన కూతురు సువార్తది నా ఈడే.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం నేనూ సువార్తా విరిగిన పలకముక్కతో తొక్కుడుబిళ్ల ఆడుతున్నాం. నేను గీత తొక్కానంది. తొక్కలేదన్నాను. నిజానికి తొక్కాను.

"మీ నాయన మేస్త్రి అయితే గీత గూడ మీదేనా?" అంది.

"మా నాయన మీ ఎంగిలి తాగడు. అందుకే ముందల కూచుంటాడు, తెల్సా?" అన్నాను.

ఇంట్లో ఎవరూ నాకు ఆ మాట చెప్పలేదు. చెప్పకుండానే నేర్చుకున్నాను. సువార్త చేతిలో పలకముక్క కింద పెట్టి వెళ్లిపోయింది.

ఆ నెల సంస్కారానికి గిన్నె చివరి చాప దాకా వెళ్లింది. యోహాను మామ చేతులు జోడించాడు. "వద్దయ్యా. నా ఎంగిలి ఆ గిన్నెకెందుకు," అన్నాడు. మందిరమంతా వినబడింది. తర్వాతి నెల కూడా అట్లాగే గిన్నెను దాటించేశాడు. మూడో నెల అసలు రాలేదు. మంచం దిగలేకపోతున్నాడని తెలిసింది.

ఆ రోజే అయ్యగారు సువార్తను అడిగి తెలుసుకుని, నాయనకు జరిగింది చెప్పారు. నాయన ఇంటికొచ్చి నన్ను నిలబెట్టి అడిగాడు. ఒప్పుకున్నాను. చెయ్యెత్తాడు. పొయ్యి దగ్గర నుంచి అమ్మ లేవకుండానే అంది: "దాన్ని కొడతావేంది? అది నీ నోరే గదా."

ఎత్తిన చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆ వారమంతా నాయన పొద్దున్నే గోడవైపు తిరిగి మోకరించి, "నాతో కాదు ప్రభువా, నాతో కాదు," అని ఏడవడం విన్నాను. అంత మనిషి ఏడుస్తుంటే నాకు భయమేసింది.

తర్వాతి ఆదివారం అయ్యగారితో కలిసి నాయన పేటకు బయల్దేరాడు. నన్నూ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాడు. గనిలో పారేసిన రాతిముక్కలతో కట్టిన చిన్న ఇల్లు. లోపల యోహాను మామ గోడకు ఆనుకుని, ఒక్కో ఊపిరీ బావిలోంచి చేదినట్టు తీస్తున్నాడు. అయ్యగారు అలవాటుగా గిన్నె నాయనకు అందించబోయారు. నాయన వెనక్కి జరిగి మట్టినేల మీద మోకాళ్లూనాడు.

"ముందు ఆయనకియ్యండయ్యా," అన్నాడు. "యోహానూ, బిడ్డ నోట్లోంచి వచ్చినాది గానీ, ఆ మాట నాది. నన్ను మన్నించు."

"నువ్వు లెయ్యి మేస్త్రీ," అన్నాడు మామ. "నా దగ్గు మంచిది గాదు. నాకొద్దు."

"నువ్వు తాగకుంటే నేను తాగను. ఇంకెప్పుడూ తాగను."

యోహాను మామ గోడ నుంచి వీపు తీసి ముందుకు వంగాడు. తర్వాత తాగాడు. అంచు తుడవబోయిన అయ్యగారి చేతిలోంచి నాయన గిన్నె లాక్కున్నంత పని చేసి తాగాడు. గొంతు కదలడం చూశాను.

అయ్యగారు ప్రార్థన ముగించేలోగా నాయన బయటికి పరుగెత్తాడు. రాతికుప్ప పక్కన అంతా కక్కేశాడు. సువార్త గుమ్మంలో నిలబడి చూస్తూనే ఉంది. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. నాయన మోచేత్తో మూతి తుడుచుకుని, ఇంటికి వెళ్లే దారివైపు ఒక్కసారి చూసి, మళ్లీ లోపలికే వెళ్లాడు.

"యోహానూ, నీ చెంబుతో ఇన్ని నీళ్లియ్యి," అన్నాడు.

మామ తన మంచం పక్కన ఉన్న చెంబు అందించాడు. నాయన పైకెత్తి పోసుకోలేదు, కరిచి తాగాడు. అడుగుదాకా తాగి, చెంబు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈసారి కడుపులో నిలిచాయి.

నాలుగో రోజున యోహాను మామ పోయాడు. ఆ నెల నుంచి నాయన చివరి చాప మీద, ఆయన చోటులోనే కూర్చున్నాడు. గిన్నె అందరి పెదాలూ దాటి వచ్చేదాకా తలొంచుకుని ఎదురుచూసేవాడు. అంతా ఒక్కరోజులో మారిందని చెప్పను. గిన్నె అందుకునే ముందు ఆయన చాప అంచును పిడికిట పట్టుకోవడం ఏళ్లపాటు చూశాను. అయినా ఒక్కసారి కూడా దాటించలేదు. చివరికి నాయననూ అదే గుండ, అదే దగ్గు తీసుకుపోయాయి.

ఇప్పుడు ఆ గనుల్లో చాలామటుకు నీళ్లు నిలిచి ఉన్నాయి. పిల్లల సంచుల్లో పలకలు లేవు. ఒకే గిన్నె పోయి ట్రేలలో చిన్న కప్పులు వచ్చాయి; శుభ్రమేలే, నేను కాదనను. ఎవరూ ముందుగా రానక్కర్లేదు, ఎవరూ చివర కూర్చోనక్కర్లేదు.

నాయన తన మాటకు తాను మోకరించాడు. ఆ మాట పలికిన నోరు నాది. సువార్తతో నేను ఇంతవరకూ ఏమీ అనలేదు. చిన్నప్పటి సంగతి, మర్చిపోయే ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. మొన్న ఆ కప్పు తాగలేక అట్లాగే ట్రేలో తిరిగి పెట్టేశాను. సువార్త దోర్నాలలో ఉంటోంది. ఇక్కణ్ణుంచి దోర్నాలకి బస్సులున్నాయి. నలభై ఏళ్లుగా ఉన్నాయి.